పరాయి పూర్వీకుల మీద బెంగ

క్రీ.శ. 1182లో మైఖేల్ కొనియాటిస్ అనే పండితుడు ఏథెన్స్ నగరానికి ఆర్చిబిషప్‌గా వచ్చాడు. పుట్టింది ఆసియా మైనర్‌లోని కొనాయ్‌లో, చదివింది బైజాంటిన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో. ఆ కాలపు పెద్ద చదువంటే ప్రాచీన గ్రీకు కవులూ, వక్తలూ, తత్త్వవేత్తలే. కాబట్టి ఊళ్ళో అడుగుపెట్టకముందే ఆయనకి ఏథెన్స్ బాగా తెలుసు. ఆయన కూర్చోబోయే పీఠం కూడా మామూలుది కాదు. క్రీ.పూ. 447–432 మధ్య ఎథీనా దేవతకి కట్టిన పార్థెనాన్ అప్పటికి కొన్ని వందల ఏళ్ళుగా మేరీమాత చర్చిగా ఉంది. అక్కడే నిలబడి కొనియాటిస్ తన తొలి ప్రసంగం చేశాడు. పెరిక్లీస్ వారసుల ముందు మాట్లాడుతున్నాననుకున్నాడు గనక దాన్ని పాత ఆటిక్ గ్రీకులో, అలంకారాలన్నీ దట్టించి రాసుకొచ్చాడు. విన్నవాళ్ళకి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ఆ దెబ్బ నుంచి ఆయన కోలుకోలేదనే చెప్పాలి. ఊరు బీదది, గోడలు పడిపోతున్నాయి, పన్నులవాళ్ళు పీడిస్తున్నారు. జనం మాట మొరటుగా ఉంది. ఇక్కడ ఎక్కువకాలం ఉంటే తానూ అనాగరికుణ్ణి అయిపోతానని స్నేహితులకి ఉత్తరాలు రాశాడు. ఏథెన్సులోనే కాపురముంటున్నా ఏథెన్స్ తనకెక్కడా కనిపించడంలేదని వాపోతూ ఒక పద్యమూ రాశాడు. అలాగని చెడ్డ మతాచార్యుడేమీ కాదు. ఊరి తరఫున పన్నుల అధికారులతో పోట్లాడాడు, నగరం మీదికి సేనలొస్తే అక్రోపోలిస్ కొండ మీద నిలబడి కాచుకున్నాడు. ఎదురుగా ఉన్న మనుషుల కోసం అంత పాటుబడినవాడే పదహారు వందల ఏళ్ళ కిందట చచ్చిపోయిన వేరే మనుషుల కోసం బెంగపెట్టుకున్నాడు.

కొనియాటిస్ మాట్లాడిందీ గ్రీకే, చదివిందీ గ్రీకే. అయినా ఆ ఏథెన్స్ ఆయనది కాదు. ఆయన క్రైస్తవుడు, రోమన్ చక్రవర్తి ప్రజ. జియస్‌కి పశువుల్ని బలిచ్చినవాళ్ళు ఆయన మతం ప్రకారం అన్యులు. ఆయన మనసు పడింది పుస్తకాల్లోని ఊరి మీద. ఇలా తనది కాని కాలం మీద, తనది కాని సంస్కృతి మీద పెంచుకునే బెంగకి సొంత గతం మీది బెంగకి లేని వెసులుబాటు ఒకటుంది. మన తాతల కాలం గొప్పదని మనం ఎంత చెప్పుకున్నా, ఇంట్లో ఏ నాయనమ్మో ఆ రోజుల్లో తిన్న జొన్నసంకటి గురించీ, పురుళ్ళలో పోయిన పిల్లల గురించీ చెప్పి మన నోరు మూయించగలదు. పరాయి గతానికి అలా కాదని చెప్పే మనిషి ఉండదు. అందుకే అది ఎంతకాలమైనా మచ్చ పడకుండా మెరుస్తుంది. మెరిసి ఊరుకుంటే చరిత్రకారుడికి దానితో పని లేదు. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో ఆ బెంగకి డబ్బు, సైన్యం, విశ్వవిద్యాలయాలు, రాజ్యాలు తోడయ్యాయి. అప్పుడు ఏథెన్స్ అనే నిజమైన ఊరికి ఏమైందన్నదే ఇక్కడి కథ.

ఈ బెంగకి మూలపురుషుడెవరంటే అందరూ చూపించేది జోహన్ వింకెల్‌మన్‌ని. 1717లో ప్రష్యాలోని స్టెండాల్‌లో చెప్పులు కుట్టే వ్యక్తి కొడుకుగా పుట్టాడు. చిన్న ఊరి బడిలో పంతులుగా ఉన్న రోజుల్లో పగలు పిల్లలకి అక్షరాలు దిద్దించి, రాత్రిళ్ళు నిద్ర మానుకుని హోమర్‌నీ సోఫోక్లీస్‌నీ చదివేవాడు. 1755లో, డ్రెస్‌డెన్‌లో ఉండగా, గ్రీకు కళాఖండాలను అనుకరించడం గురించి ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఆధునికులు గొప్పవాళ్ళు కావాలంటే గ్రీకుల్ని అనుసరించడం ఒక్కటే దారి అన్నది దాని సారాంశం. ఆ కళ లక్షణాలుగా చెప్పిన ఉదాత్తమైన నిరాడంబరత, నిశ్చలమైన గాంభీర్యం అన్న రెండూ తర్వాత వందేళ్ళు యూరప్ చదువుకున్నవాళ్ళ నోట నానాయి. ఈ మాటలు రాసేనాటికి అతను చూసిన ప్రాచీన శిల్పాలు చాలా తక్కువ. డ్రెస్‌డెన్ రాజుగారి సేకరణలోని విగ్రహాలు అప్పుడు షెడ్లలో కిక్కిరిసి ఉండేవి.

రోమ్ వెళ్ళడం కోసం అతను కాథలిక్ మతంలోకి మారాడు. అక్కడ కార్డినల్ అల్బానీ దగ్గర గ్రంథపాలకుడయ్యాడు, 1763లో పోపు ప్రభుత్వంలో పురావస్తువుల పర్యవేక్షణ ఉద్యోగమూ దొరికింది. 1764లో వచ్చిన అతని ప్రాచీన కళా చరిత్రతోనే కళాచరిత్ర అనే శాస్త్రం మొదలైందని చాలామంది ఒప్పుకుంటారు. వ్యక్తుల జీవితచరిత్రలుగా కాకుండా, ఒక జాతి కళ పుట్టి, పెరిగి, పండి, వాడిపోయే క్రమంగా దాన్ని రాశాడు. అంతకుముందు ఎవరూ అలా చూడలేదు. ఆ పుస్తకం చివర తనని తాను ఒడ్డున నిలబడి, ప్రియుణ్ణి తీసుకుపోతున్న ఓడకేసి కన్నీళ్ళతో చూస్తున్న స్త్రీతో పోల్చుకున్నాడు. ప్రియుడు వెళ్ళిపోయాడు, తిరిగి రాడు; తెరచాప మీద అతని నీడైనా కనబడుతుందేమోనని ఆమె ఆశ. పాండిత్య గ్రంథానికి ఇలాంటి ముగింపు అరుదు.

మరి వింకెల్‌మన్ గ్రీసు వెళ్ళాడా? లేదు. వెళ్ళే అవకాశాలు వచ్చాయి, తోడు తీసుకెళ్తామన్నవాళ్ళూ ఉన్నారు, ఏదో సాకుతో తప్పించుకున్నాడు. అతను కళ్ళు చెమర్చి వర్ణించిన బెల్వెడేర్ అపోలో రోమన్ కాలపు నకలని తర్వాతి పండితులు తేల్చారు. అతను గ్రీకు కళ అనుకున్నదాంట్లో సింహభాగం రోమన్ ధనవంతులు తోటల్లో పెట్టుకోవడానికి చేయించుకున్న ప్రతులు. అంటే రోమన్లకి గ్రీసు మీద ఉన్న మోజే అచ్చంగా గ్రీసు అనుకుని వింకెల్‌మన్ ప్రేమించాడు. 1768లో స్వదేశం చూద్దామని బయలుదేరి, ఆల్ప్స్ కొండలూ నిటారు ఇళ్ళ కప్పులూ కనబడగానే దిగులు కమ్మి, తిరిగి రోమ్ పోదామని పట్టుబట్టాడు. వియన్నా దాకా అతి కష్టం మీద వెళ్ళి వెనక్కి మళ్ళాడు. దారిలో ట్రియెస్ట్ సత్రంలో, మహారాణి మరియా థెరీసా బహూకరించిన పతకాల కోసం, పక్క గదిలోని ఆర్కాంజెలి అనేవాడు అతన్ని పొడిచి చంపాడు. పుట్టిన నేలని చూసి భయపడి, ఎన్నడూ చూడని నేల కోసం జీవితమంతా ఖర్చుపెట్టిన మనిషి అతను. అతని వాక్యాలు చదువుతుంటే వెటకారం చెయ్యబుద్ధి కాదు.

అతని తర్వాత జర్మన్ కవుల్లో ఇదొక ఒరవడి అయింది. గ్యోతే ఇటలీ దాకా వెళ్ళాడు గాని గ్రీసు చూడలేదు. షిల్లర్ చూడలేదు. గ్రీసులోనే నడిచే నవల రాసిన హోల్డర్‌లిన్ కూడా చూడలేదు. చూసొచ్చినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళు. జేమ్స్ స్టూవర్ట్, నికొలాస్ రెవెట్ అనే ఇద్దరు 1751లో ఏథెన్స్ చేరి, గుళ్ళని అంగుళాల లెక్కన కొలిచి, 1762 నుంచి పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు. లండన్ నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా బ్యాంకులకీ కోర్టులకీ గ్రీకు స్తంభాలు మొలిచాయంటే అందులో వీళ్ళ బొమ్మల పాత్ర చాలా ఉంది. ఆ బొమ్మల్లో ఒక విశేషం ఉంది. కొలతల పటాల్లో గుడి ఒక్కటే కనబడుతుంది. దృశ్యచిత్రాల్లో మాత్రం తలపాగాలవాళ్ళూ, గుర్రాలూ, చుట్టూ ఇళ్ళూ ఉంటాయి. చదివినవాళ్ళు మొదటి రకం పటాల్నే గుర్తుపెట్టుకున్నారు.

రెండో రకం బొమ్మల్లోని ఊరు 1456 నుంచి ఆటోమన్ తుర్కుల పాలనలో ఉంది. కొండ మీద కోట, అందులో సైనికుల కుటుంబాలు, మధ్యలో పార్థెనాన్. చర్చిగా ఉన్న పార్థెనాన్ మసీదైంది. పదిహేడో శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ దాని అందం చూసి మైమరచిపోయి రాశాడు. 1687 సెప్టెంబరు 26న కోటని ముట్టడిస్తున్న వెనీస్ సైన్యం వేసిన గుండు లోపల దాచిన మందుగుండు మీద పడింది. మనం ఇవాళ చూసే శిథిలం ఆ సాయంత్రం తయారైంది. తర్వాత ఆ శిథిలం మధ్యలోనే ఒక చిన్న మసీదు కట్టుకున్నారు. కొండ కింద తుర్కులు, ఆల్బేనియన్లు, గ్రీకులు, కొందరు ఆఫ్రికన్లు కలిసి బతికేవారు. ప్రాచీనులు కట్టిన వాయువుల గోపురంలో దర్వేషులు ధ్యానం చేసుకునేవారు.

గ్రీకు మాట్లాడే క్రైస్తవులు ఆ రోజుల్లో తమని తాము రోమన్లు అనుకునేవాళ్ళు. బైజాంటిన్ సామ్రాజ్యం పోయి మూడు వందల ఏళ్ళు దాటినా ఆ గుర్తింపు పోలేదు. వాళ్ళు కలలుగన్న రాజధాని కాన్‌స్టాంటినోపుల్, పడిపోతే ఏడ్చిన గుడి సెయింట్ సోఫియా. పాత రాళ్ళని చెక్కిన హెలీనులు పల్లెటూరి కథల్లో ఒక రాక్షస జాతి. కొండల్ని ఎత్తి విసిరేంత బలవంతులు, ఎప్పుడో అంతరించినవాళ్ళు. ఆ రాళ్ళకి కొన్ని మహిమలుండేవి, అవసరమైతే సున్నానికీ గోడలకీ పనికొచ్చేవి. 1778లో ఊరి పాలకుడు హాజీ అలీ ప్రహరీ కట్టిస్తూ ఇలిస్సోస్ నది ఒడ్డున ఉన్న చిన్న గుడిని విప్పించేశాడు. స్టూవర్ట్, రెవెట్ గీసిన బొమ్మలే దానికి మిగిలిన ముఖ్య సాక్ష్యం.

ఈ మాట దగ్గర తెలుగు పాఠకుడికి అమరావతి గుర్తురాక మానదు. పద్దెనిమిదో శతాబ్దం చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త రాజధాని కట్టుకునేటప్పుడు దీపాలదిన్నె అనే బౌద్ధ స్తూపపు రాళ్ళు అలాగే ఇళ్ళకీ గుళ్ళకీ వెళ్ళాయి. రెండు కథలకీ నిజమైన ముడి కూడా ఒకటుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న ఎల్గిన్ ప్రభువు 1801 నుంచి పార్థెనాన్ శిల్పాలను ఊడదీయించి లండన్ చేర్చాడు. పార్లమెంటు 1816లో వాటిని 35,000 పౌండ్లకి కొని బ్రిటిష్ మ్యూజియంలో పెట్టింది. 1845లో వాల్టర్ ఎలియట్ అమరావతిలో తవ్వి తీసిన శిల్పాలు మద్రాసు మీదుగా లండన్ చేరినప్పుడు, ఎల్గిన్ మార్బుల్స్‌ని తలుచుకుని వీటికి ఎలియట్ మార్బుల్స్ అని పేరుపెట్టారు. అది పల్నాటి సున్నపురాయి, చలువరాయి కాదు. అప్పటికి గొప్ప శిల్పమంటే పార్థెనాన్ పోలిక తప్ప మరో కొలబద్ద ఆ దొరలకి తోచలేదు. కృష్ణ ఒడ్డున శాతవాహనుల కాలంలో చెక్కిన బౌద్ధ కథ మీద ఏథెన్స్ నీడ పడింది అలా.

ఇక యుద్ధం. 1821లో గ్రీకులు సుల్తాను మీద తిరగబడ్డారు. యూరప్ నలుమూలల నుంచి వెయ్యిమందికి పైగా స్వచ్ఛందంగా ఓడలెక్కారు. జర్మన్ విద్యార్థులు, నెపోలియన్ పతనంతో పని లేకుండాపోయిన అధికారులు, ఇటలీ నుంచి పారిపోయి వచ్చిన విప్లవకారులు. చాలామంది దగ్గర తుపాకీతోబాటు బళ్ళో చదివిన ప్లుటార్క్ జ్ఞాపకాలున్నాయి. దిగాక వాళ్ళకి కనబడిందేమిటి? కొండల్లో దాడులు చేసి బతికే దళాలు, ఒకరినొకరు నమ్మని నాయకులు, వరసకట్టి నిలబడి పోరాడటం తెలివితక్కువ పని అనుకునే సైనికులు. 1821 అక్టోబరులో ట్రిపొలిట్సా పట్టుబడ్డాక ముస్లింలనీ యూదులనీ వేల సంఖ్యలో నరికివేశారు. మరుసటి ఏడు కియోస్ దీవిలో తుర్కులు గ్రీకులని అంతకంటే ఘోరంగా ఊచకోత కోశారు. యూరప్ చిత్రకారులు రెండోదాన్నే గీశారు. 1822 జులైలో పేటా దగ్గర విదేశీ వలంటీర్ల దళం యూరప్ పద్ధతిలో వరసలు తీరి నిలబడి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. బతికి ఇంటికెళ్ళినవాళ్ళలో కొందరు గ్రీకుల్ని తిడుతూ పుస్తకాలు రాశారు. ఇవాళ్టి గ్రీకులు థర్మోపైలీ వీరుల్లా లేరన్నదే వాళ్ళ ఫిర్యాదు. ఆరు వందల ఏళ్ళ కిందట కొనియాటిస్ చేసింది ఇదే.

ఇంగ్లీషు కవి బైరన్‌ని ఈ గుంపులో కలపడానికి నాకు మనసొప్పదు. అతనూ జెనోవాలో హోమర్ వీరుల ఫక్కీలో శిరస్త్రాణాలు చేయించుకున్నాడు, నిజమే. కాని పదమూడేళ్ళ ముందు కుర్రవాడుగా వచ్చినప్పుడే గ్రీసుని కళ్ళతో చూసినవాడు, తిన్నవాడు, తిరిగినవాడు. ఎల్గిన్ మీద నిప్పులు చెరిగినవాడు. 1823లో ఇథాకా దీవిలో ఒడిస్సియస్ కోట శిథిలాలు చూద్దామని ఎవరో అంటే విసుక్కున్నాడని అతని వెంట ఉన్న ట్రెలానీ రాశాడు. మెసొలోంఘిలో అతను చేసిన పనులు జీతాలు చెల్లించడం, దళాల మధ్య తగువులు తీర్చడం, ఖైదీలని విడిపించడం. 1824 ఏప్రిల్ 19న జ్వరంతో పోయాడు. అతని బతుకు కంటే చావు యుద్ధానికి ఎక్కువ అక్కరకొచ్చింది. లండన్, పారిస్‌లలో చందాలు వెల్లువెత్తాయి. 1827 అక్టోబరు 20న నవరీనో అఖాతంలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల నౌకలు సుల్తాను నౌకాబలాన్ని ముంచేశాయి. 1830లో గ్రీసు స్వతంత్ర రాజ్యమైంది. పుస్తకాల మీది ప్రేమ ఒక దేశం పుట్టడానికి ఇంతగా తోడ్పడిన సందర్భం చరిత్రలో మరొకటి చూపించడం కష్టం. తక్కినదంతా చెప్పేటప్పుడు ఈ లాభాన్ని మరిచిపోకూడదు.

కొత్త రాజ్యానికి రాజు కావాలి. బవేరియా రాజు లుడ్విగ్‌కి గ్రీసంటే పిచ్చి. మ్యూనిక్‌ని గ్రీకు స్తంభాలతో నింపుతున్నాడు. డాన్యూబ్ ఒడ్డు గుట్ట మీద పార్థెనాన్‌ని పోలిన వాల్‌హల్లా కట్టించి లోపల జర్మన్ మహాపురుషుల తలలు పెట్టించాడు. ఆయన రెండో కొడుకు ఓటో 1833 ఫిబ్రవరిలో, పదిహేడేళ్ళ వయసులో, మూడున్నర వేల మంది బవేరియన్ సైనికులతో నాఫ్‌ప్లియోలో దిగాడు. యుద్ధంలో నుగ్గయి, కొన్ని వేల మంది మాత్రం మిగిలిన ఏథెన్స్‌ని 1834లో రాజధాని చేశారు. వ్యాపారానికి, రక్షణకి వేరే ఊళ్ళు నయమని వాదించినవాళ్ళు లేకపోలేదు. పేరు ముందు ఆ వాదనలు నిలవలేదు. బెర్లిన్‌లో వాస్తుశిల్పి షింకెల్ దగ్గర చదువుకున్న క్లియాంథిస్, షౌబర్ట్ కొత్త నగరం పటం గీశారు. రాజభవనం అక్రోపోలిస్ మీదే ఉండాలని, పార్థెనాన్ ఒక పెరటి అలంకారంలా అమరేలా షింకెల్ బెర్లిన్‌లో కూచుని నమూనా తయారుచేశాడు. అది కట్టకపోవడం అదృష్టం. నీళ్ళెక్కడి నుంచి వస్తాయన్నది ఆ కాగితాల మీద పెద్ద సమస్యగా కనిపించి ఉండదు.

1834 ఆగస్టు 28న, పాత పంచాంగం ప్రకారం, కొండ మీద ఒక వేడుక జరిగింది. పార్థెనాన్ శిథిలంలో సింహాసనం వేశారు. తెల్లబట్టలు కట్టుకున్న పిల్లలు మర్టల్ కొమ్మలు పట్టుకుని నిలబడ్డారు. మ్యూనిక్ వాస్తుశిల్పి లెయో ఫాన్ క్లెంజె జర్మన్‌లో ప్రసంగించాడు. అనాగరిక యుగాల ఆనవాళ్ళన్నీ ఇక్కడి నుంచి తుడిచిపెట్టుకుపోతాయని, వైభవ కాలపు శేషాలే కొత్త వెలుగులో నిలుస్తాయని హామీ ఇచ్చాడు. పంతొమ్మిదేళ్ళ రాజు పడి ఉన్న స్తంభపు దిమ్మె మీద సుత్తితో తట్టి పునరుద్ధరణకి శ్రీకారం చుట్టాడు. క్లెంజె అనాగరికం అన్నది పదిహేను వందల ఏళ్ళ కాలాన్ని. అందులో కొనియాటిస్ చర్చి ఉంది, ఫ్లారెన్స్ వంశపు డ్యూకుల భవనం ఉంది, తుర్కుల ఇళ్ళూ ఉన్నాయి.

మాట తప్పలేదు. కొండ మీది ఇళ్ళు పోయాయి. తుర్కులు ఫిరంగుల దిబ్బలో వాడిన రాళ్ళని ఏరి లుడ్విగ్ రాస్, షౌబర్ట్, హాన్సన్ కలిసి నైకీ గుడిని మళ్ళీ నిలబెట్టారు. అది చక్కటి పనే. పార్థెనాన్ లోపలి చిన్న మసీదు 1840ల తొలి ఏళ్ళలో మాయమైంది. ఊళ్ళో కొత్త వీధులకి అడ్డొచ్చిన మధ్యయుగపు చర్చిలు పదుల సంఖ్యలో కూలాయి. కొత్త కెథెడ్రల్ గోడల్లో డెబ్బైకి పైగా పాత చర్చిల రాళ్ళున్నాయని చెబుతారు. ఎర్ము వీధి మధ్యలో ఇవాళ్టికీ నిలిచి ఉన్న కప్నికరేయా చర్చిని కూల్చకుండా ఆపించింది మాత్రం బవేరియా రాజు లుడ్విగే.

కొండ ప్రవేశద్వారం పక్కన ఇరవయ్యారు మీటర్ల ఎత్తున ఒక చదరపు బురుజు ఉండేది. పాశ్చాత్య ప్రభువుల కాలంలో కట్టింది గనక దాన్ని ఫ్రాంకుల బురుజు అనేవారు. స్వాతంత్ర్య యుద్ధ నాయకుల్లో ముఖ్యుడైన ఒడిస్సియస్ ఆండ్రుట్సోస్‌ని 1825లో సొంత పక్షంవాళ్ళే అందులో బంధించి చంపారు. గ్రీసు స్వాతంత్ర్య చరిత్రలో అంతకన్నా చేదు చోటు లేదు. 1875లో ఆ బురుజుని నేలమట్టం చేశారు. ఖర్చు పెట్టుకున్నది ట్రాయ్ తవ్వకాల హైన్‌రిక్ ష్లీమన్. నిర్ణయం తీసుకున్నది గ్రీకు పురావస్తు సంఘం. ఇంగ్లీషు చరిత్రకారుడు ఫ్రీమన్ ఇది చరిత్రని చెరపడమేనని మండిపడ్డాడు. అంటే ఈసారి గతాన్ని కాపాడమన్నవాడూ విదేశీయుడే, కూల్చడానికి డబ్బిచ్చినవాడూ విదేశీయుడే. పలుగు పట్టుకున్నవాళ్ళు స్థానికులు. ఈ నలభై ఏళ్ళలో వింకెల్‌మన్ బెంగ వాళ్ళ సొంత జ్ఞాపకం అయిపోయింది.

ఎలా అయింది? ఒక దారి బడి. యుద్ధానికి ముందే పారిస్‌లో కాపురమున్న అడమాంటియోస్ కొరాయిస్ ప్రాచీన గ్రంథాలని కొత్తగా ముద్రించి, మూలపురుషుల్ని తెలుసుకోండని స్వదేశానికి పంపేవాడు. పిల్లలకి యానిస్, దిమిత్రిస్ వంటి సాధువుల పేర్లకి బదులు పెరిక్లీస్, థెమిస్టొక్లీస్ అని పెట్టడం మొదలైంది. ఊళ్ళ స్లావ్, తుర్కు పేర్లు పోయి పాత పేర్లొచ్చాయి. స్పార్టా అనే ఊరు 1834లో రాజశాసనంతో మళ్ళీ వెలిసింది.

రెండో దారి అవమానం. 1830లో, స్వతంత్రం వచ్చిన ఏడాదే, ఫాల్మెరాయర్ అనే చరిత్రకారుడు ఇవాళ్టి గ్రీకుల ఒంట్లో ప్రాచీన హెలీనుల నెత్తురు చుక్కైనా లేదని, వీళ్ళు మధ్యయుగాల్లో వలసొచ్చిన స్లావుల, ఆల్బేనియన్ల సంతతి అని రాశాడు. నెత్తురు లెక్కలు పనికిమాలిన లెక్కలు. కాని గ్రీకులకి అది కేవలం పండితుల తగువు కాదు. పూర్వీకుల పేరు మీదే యూరప్ సాయం చేసింది, అప్పిచ్చింది, రాజుని పంపింది. ఆ పేరు తమది కాదని తేలితే మిగిలేదేముంది? ఏథెన్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కొన్‌స్టాంటినోస్ పాపరిగోపౌలోస్ 1860–1874 మధ్య గ్రీకు జాతి చరిత్రని అయిదు సంపుటాలుగా రాసి జవాబిచ్చాడు. ప్రాచీన గ్రీసుకీ నేటి గ్రీసుకీ మధ్య వంతెనగా బైజాంటియాన్ని నిలబెట్టాడు. క్లెంజె అనాగరికమన్న యుగంలో సగం అలా మళ్ళీ గౌరవం పొందింది. తుర్కుల సగానికి ఆ అదృష్టం పట్టలేదు. ఆ పుస్తకాలు వెలువడుతున్న రోజుల్లోనే ఊళ్ళో మధ్యయుగాల గోడలు కూలుతున్నాయన్నది కూడా నిజం.

భాష విషయం క్లుప్తంగా చెబుతాను, మనకి గిడుగు రామమూర్తి పంతులు గారి పోరాటం తెలుసు గనక వివరించనక్కర్లేదు. ప్రాచీన గ్రీకు వైపు వంచి తయారుచేసిన శిష్టభాష రాజ్యభాష అయింది, ఇంట్లో మాట్లాడే భాష బడి బయట నిలబడింది. 1901లో మత్తయి సువార్తని వ్యావహారికంలోకి మార్చి పత్రికలో వేస్తే ఏథెన్స్ వీధుల్లో అల్లర్లు లేచి ఎనిమిది మంది చచ్చిపోయారు. వ్యావహారికం అధికార భాష కావడానికి 1976 దాకా పట్టింది. కొనియాటిస్ ప్రసంగం అర్థంకాని జనం, ఆ లెక్కన, మరో ఎనిమిది వందల ఏళ్ళు అలాగే కూచుని విన్నారు.

ఈ మోజులో అన్నిటికంటే మొండిగా నిలిచింది తెలుపు. గ్రీకు శిల్పమంటే పాలరాతి తెలుపేనని వింకెల్‌మన్ తరం నమ్మింది. 1811లో ఎజీనా దీవిలో దొరికిన విగ్రహాల మీద రంగుల జాడలు స్పష్టంగా ఉన్నాయి. కాత్రమేర్ ద కాన్సీ వంటి పండితులు ప్రాచీనులు విగ్రహాలకి రంగులు వేసేవారని 1815 నాటికే రాశారు. నీలం, ఎరుపు, బంగారం. మన గుడి గోపురాలు చూసినవాడికి ఇది వింతగా తోచదు, అప్పటి యూరప్‌కి మాత్రం మింగుడుపడలేదు. 1937–38లో బ్రిటిష్ మ్యూజియంలో, కొత్త గ్యాలరీకి డబ్బిచ్చిన జోసెఫ్ డువీన్ కోరిక మీద, పనివాళ్ళు పార్థెనాన్ శిల్పాల్లో కొన్నిటిని తెల్లగా కనబడేదాకా రాగి పనిముట్లతోనూ కార్బొరండం పొడితోనూ గీకారు. పోయింది మురికి అనుకున్నారు. రాతి పైపొరతోబాటు అసలు చెక్కడపు జాడలు కూడా కొంత పోయాయి. ప్రేమించినదాన్ని ప్రేమించిన రూపంలోకి తేవడానికి దాన్నే అరగదీయడమన్నది కథ అల్లేవాడు రాస్తే అతిశయోక్తి అనేవాళ్ళం.

ఓటో సంగతి చెప్పకుండా వదిలితే అన్యాయం. అతను మంచి రాజు కాడు. నిర్ణయాలు తీసుకోలేడు, అన్నీ తన చేతిలోనే ఉంచుకునేవాడు. 1862 అక్టోబరులో ప్రజలు వెళ్ళగొట్టారు. అదే ఏడు మ్యూనిక్‌లో గ్రీసు విముక్తికీ ఓటో పట్టాభిషేకానికీ గుర్తుగా క్లెంజె గీసిన గ్రీకు తోరణం పూర్తయింది. ఓటో బాంబర్గ్ భవనంలో చేరి, రాణి అమాలియాతో రోజూ కొంతసేపు గ్రీకులోనే మాట్లాడేవాడు. గ్రీకు కొండవాళ్ళ కుచ్చిళ్ళ పావడా, ఫుస్తనెల్లా, కట్టుకునేవాడు. 1867లో చనిపోతే ఆ దుస్తుల్లోనే మ్యూనిక్‌లో ఖననం చేశారు. గమనించాల్సిందేమంటే అతను కట్టుకున్నది పెరిక్లీస్ కాలపు వస్త్రం కాదు. తన పాలనలో చూసిన మనుషులు, ఆల్బేనియన్లూ గ్రీకులూ కలగలిసిన కొండ పల్లెలవాళ్ళు కట్టుకున్న బట్ట అది. తండ్రి కన్న కలలోకి వచ్చిన కుర్రవాడికి ముప్పై ఏళ్ళలో ఎదురుగా ఉన్న గ్రీసు మీదే బెంగ పుట్టింది. వింకెల్‌మన్ నుంచి మొదలైన వరసలో ఇలా దారి మళ్ళినవాడు బైరన్ తర్వాత ఇతనొక్కడే నాకు కనబడతాడు. గ్రీకులు మాత్రం వెళ్ళగొట్టేదాకా ఇతన్ని బవేరియావాడనే అన్నారు.

ఇరవయ్యో శతాబ్దంలో పని ఇంకా పద్ధతిగా సాగింది. 1931 నుంచి అమెరికన్ పురావస్తు బృందం, రాక్‌ఫెల్లర్ సొమ్ముతో, సోక్రటీస్ తిరిగిన అంగడి వీధిని వెలికితీసింది. పైన ఉన్న వ్రిసాకి అనే పేట వందలాది ఇళ్ళతో సహా పోయింది. ఇళ్ళని కొని, నష్టపరిహారమిచ్చి, ప్రతి వీధినీ ఫోటో తీసి మరీ కూల్చారు. ఓటో భవనం కట్టడానికి అనాఫీ దీవి నుంచి వచ్చిన తాపీ పనివాళ్ళు అక్రోపోలిస్ కింది చరియలో వేసుకున్న తెల్ల గుడిసెల్లో కొన్ని మాత్రం ఎలాగో మిగిలాయి. ఇప్పుడు అవి కూడా యాత్రికులు మురిసిపోయే పాత ఏథెన్స్.

1973లో అనస్తాసియోస్ ఒర్లాండోస్ పార్థెనాన్ స్తంభాల మీది గీతల్ని పుస్తకంగా ప్రచురించాడు. చర్చిగా ఉన్న రోజుల్లో భక్తులు, పూజారులు చెక్కినవి రెండు వందలకు పైగా ఉన్నాయి. బిషప్పులు చనిపోయిన తేదీలు, పేర్లు, ప్రార్థనలు. క్లెంజె మనుషులు గోడల్ని కూల్చగలిగారు గాని, ఈ అక్షరాలు గీసింది ప్రాచీన స్తంభాల ఒంటి మీదే. ఆ స్తంభాల్ని ముట్టుకోవడం వాళ్ళకే నిషిద్ధం. గుడికి నైరుతి మూల మసీదు మీనారుగా, అంతకుముందు చర్చి బురుజుగా పనిచేసిన కట్టడపు మెట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఆంథొనీ కల్డెల్లిస్ అనే చరిత్రకారుడు 2009లో ఈ ఆధారాలన్నీ పోగుచేసి, పార్థెనాన్ ఎథీనా గుడిగా ఉన్నప్పటికంటే మేరీమాత చర్చిగా ఉన్నప్పుడే ఎక్కువమంది యాత్రికుల్ని రప్పించిందని వాదించాడు. ఆ వాదనకి కొనియాటిస్ రాతలు కూడా ఒక ముఖ్యాధారం. అక్కడ ఏథెన్స్ కనబడటంలేదని ఏడ్చిన మనిషే, చర్చికి వచ్చిపోయే జనం గురించి, లోపల ఆరకుండా వెలిగే దీపం గురించి బోలెడు రాసిపెట్టాడు.